ఇంటిపట్టున వ్యసనచికిత్స

కొన్ని ప్రశ్నలను జనులు వైద్యునితో గూడ గొంతు తగ్గించియే అడుగుదురు. పిల్లవాని జ్వరమునకు మందు వ్రాయించుకొన వచ్చిన గృహిణి, చీటి చేతికందిన పిమ్మట, గుమ్మము దాటబోవుచు ఒక్క క్షణము నిలుచును. "మావారు రోజూ తాగుతున్నారండీ. ఆస్పత్రిలో చేర్చకుండా మాన్పించే దారి ఏమైనా ఉందా?" అని అడుగును. సమాధానము వచ్చులోపలనే రెండవ ప్రశ్నయు వెలువడును: "ఆయనకు తెలియకుండా అన్నంలో కలిపిపెట్టే మందు ఉందట గదా, నిజమేనా?"

ఈ రెండు ప్రశ్నలకును నేడు బహిరంగముగా సమాధానము చెప్పదలచినాము. మొదటి ప్రశ్నకు సమాధానము 'కలదు'. రెండవ ప్రశ్నకు సమాధానము 'వలదు'. ఏల కలదో, ఏల వలదో వివరించుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

ముందుగా తాగుడు ఎప్పుడు రోగమగునో తెలిసికొందము. మన పెద్దలు పానమును సప్తవ్యసనములలో చేర్చి, దానిని నడవడికలోని లోపముగా ఎంచిరి. పాశ్చాత్య దేశములందును చాలకాలము అదియే భావము. స్కాట్లండు దేశీయుడును, బ్రిటిషు నౌకాదళ వైద్యుడును అగు థామస్ ట్రాటర్ 1804లో తాగుబోతుతనమును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించి, ఇది వైద్యుడు చూడవలసిన వ్యాధియని వాదించెను. ఆ మాట వైద్యలోకమున స్థిరపడుటకు నూటయేబది యేండ్లు పట్టినది. 1956లో అమెరికా వైద్యసంఘము మద్యవ్యసనమును వ్యాధిగా గుర్తించినది. మన దేశమున 2017లో చేయబడిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, మద్యము, మాదకద్రవ్యముల దుర్వినియోగమునకు సంబంధించిన మానసిక స్థితులనుగూడ మానసిక వ్యాధుల నిర్వచనములో చేర్చినది. అనగా ఈ రోగులకును ఇతర రోగులకు వలెనే చికిత్స పొందు హక్కును, తమ విషయము గోప్యముగా నుంచబడు హక్కును కలవు.

తాగిన ప్రతివాడును రోగి కాడు. తాగవలెనను తహతహను ఆపుకొనలేకపోవుట. ఒక గ్లాసుతో ఆపెదనని మొదలిడి సీసా ముగించుట. నాడు చాలిన మోతాదు నేడు చాలకపోవుట. మానిన దినమున చేతులు వణకుట. పనియు, పిల్లలును, స్నేహితులును వెనుకబడి తాగుడొక్కటే ముందునకు వచ్చుట. కీడును కన్నులార చూచుచుండియు మానలేకపోవుట. వీనిలో మూడైనను గడచిన యేడాదిలో కలిసి కనబడినచో అది వ్యసనవ్యాధియని వైద్యులు నిర్ణయింతురు.

ఈ వ్యాధి మెదడులో ఎట్లు పాతుకొనునో ఒక పోలికతో చెప్పవచ్చును. మద్యము మెదడు పనిని మందగింపజేయును. నిత్యము తాగువాని మెదడు ఆ మందత్వమునకు లోబడియుండక, దానికెదురుగా తన చురుకుదనమును పెంచుకొనును. తాడు లాగు పందెములో రెండు పక్షములవారును సమబలముతో లాగుచున్నంత సేపు తాడు కదలదు. ఒక పక్షమువారు హఠాత్తుగా తాడు వదలినచో రెండవవారు వెల్లకిల పడుదురు. తాగుడు ఒక్కసారి మానినప్పుడు మెదడునకు కలుగు స్థితి ఇదియే. పిల్లల తలపై చేయి వేయించి ఒట్టు పెట్టించుకొన్నంత మాత్రమున ఈ తాడు నెమ్మదిగా వదలదు. సంకల్పము అవసరమే, కాని సంకల్పమునకు తోడుగా వైద్యము కావలెను.

మఱి ఎందరికి ఆ వైద్యము అందుచున్నది? కేంద్ర సాంఘిక న్యాయ మంత్రిత్వశాఖ కోరగా ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ జరిపిన జాతీయ సర్వే 2019లో ప్రకటింపబడినది. తాగుడు వలన కీడు పొందుచు, సహాయము అవసరమైనవారు దేశమున సుమారు 5.7 కోట్ల మంది యని అందు లెక్క తేలినది. మద్యమునకు బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స పొందినవారు 38 మందికి ఒక్కరు. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందికి ఒక్కరు. తక్కిన వారందరును ఎందుకు రాలేదు? సిగ్గు ఒక కారణము. ఆస్పత్రి భయము మఱొక కారణము. నెల దినములు మంచము పట్టియున్నచో కూలి ఎవరు తెత్తురు, దుకాణము ఎవరు తెరతురు, ఉద్యోగము నిలుచునా అను చింత అన్నిటికంటె పెద్ద కారణము.

ఈ చింతకు సమాధానముగా నిలిచినదే ఓ.పి. చికిత్స. రోగి తన ఇంటనే యుండి, వీలైనంత వరకు తన పని తాను చేసికొనుచు, నియమిత దినములలో ఆస్పత్రికి వచ్చి వైద్యుని, సలహాదారుని చూచి పోవుట దీని పద్ధతి. ఇది మంచములు చాలని ఆస్పత్రులు కనిపెట్టిన సర్దుబాటని తలచరాదు. లండనులో గ్రిఫిత్ ఎడ్వర్డ్సు, సాలీ గథ్రీ అను పరిశోధకులు 40 మంది మద్యవ్యసనపరులను తీసికొని, సగము మందిని వార్డులో చేర్చియు, సగము మందిని ఇంటనుంచియు చికిత్స చేసి, ఒక యేడాది గమనించి, ఫలితములను 1967లో ప్రకటించిరి. ఏడాది చివర ఇంటనున్నవారు వార్డున నున్నవారికంటె వెనుకబడలేదు. 1989లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున 164 మంది మాజీ సైనికులపై జరిగిన మఱొక పరిశీలన ప్రకటింపబడినది. ఇది తాగుడు మానిన తొలి దినముల చికిత్సకు సంబంధించినది. ఆస్పత్రిలో చేరినవారిలో నూటికి 95 మందియు, ఓ.పి.కి వచ్చినవారిలో నూటికి 72 మందియు ఆ చికిత్సను పూర్తిచేసిరి. ఆరు నెలల పిదప చూడగా ఇరువురి స్థితియు సమానముగానే యుండెను. ఖర్చు మాత్రము ఆస్పత్రిలో చేరినవారికి పలు రెట్లు ఎక్కువ.

కాని ఇచట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఆ ఫిలడెల్ఫియా పరిశీలనకు బాధలు స్వల్పముగనో మధ్యమముగనో ఉన్నవారినే తీసికొనిరి. తీవ్రముగా ఉన్నవారిని తీసికొనలేదు. అందరును ఇంటనుండి మానదగినవారు కారు. ఈ భేదము తెలియక పోవుటవలన ప్రాణములు పోవుచున్నవి.

దుకాణములు మూసివేసినచో తాగుడు దానంతట అదియే పోవునని కొందరందురు. సారాను ఊరినుండి వెడలగొట్టవలెనని 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేచి నిలువగా, ఆ ఉద్యమము రాష్ట్రమంతట ప్రాకినది. 1993 అక్టోబరు నుండి సారాయు, 1995 జనవరి నుండి మద్యమంతయు ఆంధ్రప్రదేశమున నిషేధింపబడినవి. 1997లో ఆ సంపూర్ణ నిషేధము సడలింపబడినది. ఆ స్త్రీల పోరాటము ఎన్నో కాపురములను నిలబెట్టినది. అయినను అంగడిని మూయుట వేరు, రోగిని చూచుట వేరు. 2020 మార్చి నెలాఖరున కోవిడ్ కారణముగా దేశమంతట లాక్‌డౌన్ విధింపగా మద్యపు దుకాణములును, కల్లు దుకాణములును ఒక్కసారిగా మూతపడినవి. కొలది దినములలోనే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకు వణకుచున్నవారిని, మతి తప్పి మాటలాడుచున్నవారిని, మూర్ఛలు వచ్చినవారిని బంధువులు గుంపులుగా తీసికొనివచ్చిరి. వారిలో కల్తీకల్లు తాగువారును ఉండిరి. తెలంగాణమున కొన్నిచోట్ల కల్లులో డయాజిపాం, ఆల్ప్రజోలాం వంటి నిద్రమందులు కలుపుచుందురు. అట్టి కల్లు తాగువాడు తనకు తెలియకయే రెండు మత్తులకు బానిస యగును. కావున హఠాత్తుగా మానుట అతనికి మఱింత అపాయకరము.

తీవ్రముగా తాగువాడు మానినప్పుడు ఏమి జరుగునో గంటల లెక్కన చెప్పవచ్చును. చివరి గ్లాసు దించిన ఆరెనిమిది గంటలకు చేతుల వణకు, చెమట, వికారము, గుండెదడ, నిద్రలేమి మొదలగును. కొందరికి మొదటి రెండు దినములలో మూర్ఛలు వచ్చును. మఱికొందరికి రెండవ దినము దాటినది మొదలు నాలుగవ దినము వరకు సన్నిపాతము వంటి స్థితి ఏర్పడును: లేని మనుష్యులు కనబడుదురు, గోడలపై పురుగులు ప్రాకుచున్నట్లు తోచును, జ్వరము వచ్చును, తానెక్కడ నున్నాడో తెలియదు. దీనిని గాలి సోకుటయని భ్రమపడి భూతవైద్యునికై పరుగెత్తుట కలదు. అది గాలి కాదు. తక్షణము ఆస్పత్రిలో చేర్పవలసిన ప్రాణాపాయస్థితి.

కావున ఎవరిని ఆస్పత్రిలో చేర్పవలెనో మొదట చెప్పుదుము. వెనుక మానినప్పుడు మూర్ఛలు గాని, సన్నిపాతము గాని వచ్చినవారు; కామెర్లు, పొట్టలో నీరు, రక్తపు వాంతి, తీవ్రమైన గుండెజబ్బు కలవారు; తాగుడుతో పాటు నిద్రమాత్రలకును అలవాటుపడినవారు; గర్భవతులు; ప్రాణము తీసికొందునను వారు; ఇంట పక్కన నుండి చూచుకొనుటకు తాగుడు లేని పెద్దవారు ఒక్కరైనను లేనివారు. వీరు వార్డులోనే మానవలెను. తక్కినవారిలో పెక్కుమంది, వైద్యుడు పరీక్షించి సరేయన్న పిదప, ఇంటనుండియే మానవచ్చును.

ఓ.పి.లో మొదటి దినము ఏమి చేయుదురు? ఏమి తాగుదురు, ఎంత తాగుదురు, ఎన్ని యేండ్ల నుండి, చివరిసారి ఎన్ని గంటలకు అని అడుగుదురు. ఈ ప్రశ్నలు తప్పు పట్టుటకు కావు. మందు మోతాదు ఈ సమాధానములపై నిలిచియున్నది. కావున సిగ్గుపడి సగము తగ్గించి చెప్పరాదు. నాడి, రక్తపు పోటు చూతురు. కాలేయము స్థితి తెలిసికొనుటకు రక్తపరీక్ష చేయింతురు. పిమ్మట క్లోర్‌డయాజిపాక్సైడ్ గాని, డయాజిపాం గాని, కాలేయము చెడియున్నచో లోరజిపాం గాని వ్రాయుదురు. ఇవి మద్యము వదలిన తాడును కొంతసేపు పట్టియుంచు చేతులు. మోతాదును దినదినము తగ్గించుచు, సాధారణముగా వారము లోపల ముగింతురు. ఈ మాత్రలను ఇంటివారి చేతికిచ్చి, ఒకటి రెండు దినములకు సరిపడునంతయే ఇచ్చుట మేలు. వీనిని మింగి మద్యము తాగినచో ఊపిరి మందగించి ప్రాణము పోవచ్చును. వీనిని వాడుచున్న దినములలో బండి నడుపరాదు. వారము దాటిన పిదప నిద్ర పట్టలేదని దుకాణములో కొని కొనసాగించినచో, ఒక వ్యసనము పోయి మఱొకటి వచ్చును.

దీనితో పాటు థయామిన్ అను బి1 విటమిను తప్పక ఇత్తురు. దంపుడు బియ్యపు తవుడులో నుండి, మరపట్టిన తెల్లబియ్యములో పోవు విటమిను ఇదియే. దీని లోపము వలననే బెరిబెరి వ్యాధి వచ్చునని మన పాఠకులు వినియుందురు. అన్నము మాని సీసాతోనే కడుపు నింపుకొనువానికి ఈ విటమిను కొఱవడి, కన్నుల కదలిక చెడుట, నడక తూలుట, జ్ఞాపకశక్తి శాశ్వతముగా నశించుట జరుగవచ్చును. అందువలననే, నీరసముగా నున్నాడని గ్లూకోజు సీసా ఎక్కించుటకు ముందు ఈ విటమిను సూది వేయవలెనని వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

ఇట్లు వారము గడచినచో వణకు తగ్గును, ఆకలి పుట్టును, నిద్ర పట్టసాగును. ఇంటివారు చికిత్స పూర్తియైనదని సంతోషింతురు. నిజమునకు చికిత్స అప్పుడే మొదలగుచున్నది. దీక్షామాల వేసికొని నలుబదియొక్క దినములు చుక్క ముట్టనివారు మన ఊళ్లలో ఎందరో కలరు. వారిలో కొందరు మాల తీసిన సాయంకాలమే మరల దుకాణమునకు పోవుటయు మనము చూచియున్నాము. మానుట వేరు, మానియుండుట వేరు. మానుట ఒక వారము పని. మానియుండుట యేండ్ల పని. ఓ.పి. చికిత్స ప్రయోజనము ఈ రెండవ పనియందే ఎక్కువ. వార్డులో నుండగా సీసా కనబడదు, స్నేహితులు కనబడరు, జీతపు దినము రాదు. ఇంటనుండి మానువాడు వీని నడుమనే మానుట నేర్చుకొనుచున్నాడు.

ఈ రెండవ దశకు గూడ మందులు కలవు. ఇచట గృహిణి అడిగిన రెండవ ప్రశ్నకు వచ్చుచున్నాము. తెలియకుండ కలుపు మందని జనులు చెప్పుకొనునది సామాన్యముగా డైసల్ఫిరాం. దీని కథ వింతయైనది. డెన్మార్కు దేశమున కోపెన్‌హాగెన్ నగరములో ఎరిక్ జేకబ్సన్, యెన్స్ హాల్డ్ అను పరిశోధకులు దీనిని కడుపులోని నులిపురుగులకు మందుగా పరీక్షించుచు, తామే మింగి చూచిరి. పిమ్మట మద్యము పుచ్చుకొనగా ఒడలు ఎఱ్ఱబారి, వికారము కలిగెను. ఆ విధముగా దీని గుణము బయటపడి, 1948లో వైద్యలోకమునకు తెలిసినది. శరీరములో మద్యము విరిగి అసిటాల్డిహైడ్ అను విషపదార్థమగును. ఆరోగ్యవంతుని కాలేయము దానిని వెంటనే నిర్వీర్యము చేయును. డైసల్ఫిరాం ఆ పనిని అడ్డగించును. కావున ఈ మందు వాడుచు తాగినవానికి ముఖము మండుట, తలపోటు, వాంతులు, గుండెదడ కలుగును; రక్తపు పోటు పడిపోయి ప్రాణమునకే ముప్పు రావచ్చును. మందు ఆపిన తరువాత గూడ రెండు వారముల వరకు ఈ ప్రమాదము వీడదు.

దీనిని ఎఱిగి మింగువాడు, "నేడు తాగరాదు" అను నిర్ణయమును ఉదయము ఒక్కసారి చేసికొని, దినమంతయు నిశ్చింతగా నుండును. భార్య చేతిమీదుగా తీసికొను ఆ మాత్ర వారిరువురి నడుమ ఒక ఒడంబడిక యగును. ఎఱుగక మింగువాని సంగతి వేరు. అతడు సాయంకాలము యథాప్రకారము తాగును. తనకేమి జరుగుచున్నదో అతనికి తెలియదు. ఆస్పత్రిలో వైద్యునికిని తెలియదు. గుండెజబ్బున్నచో ఇల్లు చేరకపోవచ్చును. బ్రతికి బయటపడి సంగతి తెలిసికొన్నచో, ఆ ఇంటి అన్నము మీదనే అతనికి నమ్మకము పోవును. నమ్మకము పోయిన ఇంట ఏ చికిత్సయు సాగదు. ఆ ఇల్లాలి వేదనను మేము ఎఱుగనివారము కాము. దారి లేకయే ఆమె ఆ పొట్లము కొనుచున్నది. దారి కలదని చెప్పుటకే ఈ ప్రసంగము. ప్రకటనలు చూచి పేరు తెలియని పొడులను తెప్పించుట అంతకంటెను ప్రమాదము. అందేమి కలసియున్నదో కొన్నవారికి తెలియదు.

తాగినను ఇట్టి విపరీతము కలిగింపక, తాగవలెనను కోరికనే తగ్గించు మందులును నేడు కలవు. నాల్ట్రెక్సోన్ తాగుడులోని సంతోషమును తగ్గించును. అకాంప్రోసేట్ మానినవాని మెదడులోని అలజడిని శాంతింపజేయును. ఏది ఎవరికి తగునో కాలేయము, మూత్రపిండములు పరీక్షించి వైద్యుడే నిర్ణయింపవలెను.

నల్లమందు, హెరాయిన్, నొప్పి సూదులు వీనికి లోబడినవారి చికిత్స కొంత భిన్నమైనది. 1965లో న్యూయార్కు నగరమున విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అను వైద్యులు మెథడోన్ అను మందును దినమునకొకసారి నోటిద్వారా ఇచ్చి, హెరాయిన్ వ్యసనపరులు ఇంటనుండి చదువులకు, ఉద్యోగములకు పోవునట్లు చేయవచ్చునని చూపిరి. మన దేశమున ఈ పనికి నాలుక క్రింద నుంచుకొను బ్యూప్రినార్ఫిన్ మాత్ర ఎక్కువ వాడుకలో నున్నది. "ఒక మత్తునకు బదులు మఱొక మత్తు గదా" యని ఆక్షేపించువారు కలరు. ఈ మందు తగిన మోతాదులో మత్తెక్కింపదు. సూదుల వలన వచ్చు ఎయిడ్స్, కామెర్ల నుండి కాపాడును. దొంగతనము చేసి కొనవలసిన అగత్యము తప్పించును. మధుమేహరోగి ఇన్సులిన్ వాడుచున్నాడని మనము ఆక్షేపింపము గదా. ఇట్టివారు కొంతకాలము మాని, మరల పాత మోతాదునే తీసికొన్నచో శరీరము తట్టుకొనలేక ఊపిరి ఆగవచ్చునని ఇంటివారు గుర్తుంచుకొనవలెను. గంజాయికి ఇట్టి ప్రత్యేకమైన మందు లేదు. దానికి సలహా చికిత్సయే ప్రధానము.

సలహా చికిత్స యనగా నీతిబోధ కాదు. తాగుట వలన కలుగు నష్టములు తాగువానికి మనకంటె బాగుగా తెలియును. సలహాదారు అడుగునది వేఱు: ఏ వేళ కోరిక పుట్టును? ఏ వీథిన పోవునప్పుడు? ఎవరితో నున్నప్పుడు? కోపము వచ్చినప్పుడా, ఒంటరిగా నున్నప్పుడా? కోరిక కెరటము వంటిది. లేచును, కొంతసేపునకు తానే విరుగును. ఆ కొంతసేపు ఏమి చేయవలెనో ముందే నిర్ణయించుకొన్నచో చాలును. కడుపునిండ భోజనము చేయుట, దుకాణము లేని దారిన ఇల్లు చేరుట, జీతమును ఇంటివారి చేతికి చేర్చుట, పెండ్లి విందులలో "నాకు వద్దు" అను మాటను ముందే అభ్యసించుట — చూచుటకు చిన్నవి, ఫలము పెద్దది. గోవాలో 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో 377 మంది పురుషులపై జరిగిన పరిశీలన 2017లో ప్రకటింపబడినది. వీరు తాగుడు వలన కీడు పొందుచున్నవారే కాని తీవ్రముగా బానిసలైనవారు కారు. వీరిలో సగము మందికి, వైద్యులు కాని, కొలది శిక్షణ పొందిన సామాన్యులు నాలుగు పర్యాయములకు మించకుండ సలహా చెప్పిరి. మూడు నెలల పిదప, గడచిన రెండు వారములలో చుక్కయైన ముట్టనివారు సలహా పొందినవారిలో నూటికి 42 మంది. పొందనివారిలో నూటికి 18 మంది. ఓపికతో పలికిన మాటకు ఇంత బలము కలదు.

ఇంటివారి సంగతి చెప్పుదము. 1977లో ఎడ్వర్డ్సు బృందము లండనులో 100 మంది వివాహితులపై మఱొక పరిశీలన ప్రకటించినది. సగము మందికి పూర్తి చికిత్స. తక్కిన సగము మందికి భార్యాభర్తలను కూర్చుండబెట్టి ఒక్కసారి చెప్పిన హితవును, పిమ్మట నెలనెల సమాచారము కనుగొనుటయు మాత్రమే. ఏడాది పిదప ఇరుపక్షములకును చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. మందు లేకుండ మాటతోనే మానునని దీని అర్థము కాదు. గృహము చికిత్సలో ఎంత భాగమో దీనివలన ఊహింపవచ్చును. మత్తులో నున్నవానితో వాదింపవలదు. ఉదయము తెలివిలో నున్నప్పుడు మాటలాడవలెను. అతని అప్పులు తీర్చుట, ఆఫీసునకు అతని బదులు అబద్ధపు సెలవుచీటి పంపుట మానవలెను. మానిన ప్రతిదినమును గుర్తించి ఒక మంచిమాట చెప్పవలెను. దెబ్బలను మాత్రము ఓర్చుకొనవలసిన పని లేదు. చికిత్స జరుగుచున్నను ఆమెయు పిల్లలును క్షేమముగా నుండుట మొదటి ధర్మము. రోగము అతనికి వచ్చుట ఆమె తప్పు కాదు. తగ్గకపోవుటయు ఆమె తప్పు కాదు.

ఒకరికొకరు తోడుగా నిలుచు సంఘములును కలవు. 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరమున ఇరువురు తాగుబోతులు, ఒకరు వ్యాపారి, ఒకరు వైద్యుడు, కలిసికొని మొదలిడిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘము నేడు మన నగరములలోను కూటములు జరుపుచున్నది. రుసుము లేదు, ఇంటిపేరు చెప్పనక్కరలేదు. వారి కుటుంబములవారికి అల్-అనాన్ అను సంఘము 1951 నుండి వేఱుగా కలదు.

ఎంత చేసినను కొందరికి రోగము తిరుగబెట్టును. మధుమేహము, రక్తపు పోటు తిరుగబెట్టినప్పుడు మనము రోగిని తిట్టము, మందు మార్పింతుము. ఇదియు అట్టిదే. పది నెలలు మానియుండి ఒక్కనాడు తాగినవాడు ఆ పది నెలలు పోగొట్టుకొన్నట్లు కాదు. ఆ మఱునాడే ఓ.పి.కి వచ్చినచో ఒక్కనాటితో ఆగును. సిగ్గుపడి దాగినచో నెలలు సాగును.

ఎక్కడికి పోవలెనను ప్రశ్న మిగిలినది. ఎర్రగడ్డ, విశాఖపట్టణము మానసిక చికిత్సాలయములలోను, ప్రభుత్వ బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగములలోను ఓ.పి. చీటి తీసికొని చూపించుకొనవచ్చును. దారి అడుగుటకు 14446 అను జాతీయ వ్యసనవిముక్తి సంఖ్యకును, 2022లో మొదలైన టెలీ మానస్ వారి 14416 సంఖ్యకును ఉచితముగా ఫోను చేయవచ్చును. మాదకద్రవ్యములు వాడినవారు పోలీసు భయముతో వెనుదీయుచుందురు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని 64ఎ విభాగము, వాడుకకో స్వల్ప పరిమాణమునకో సంబంధించిన నేరము మోపబడినవాడు, తానై ముందునకు వచ్చి ప్రభుత్వము గుర్తించిన చోట చికిత్స పూర్తిచేసికొన్నచో, ఆ నేరమునకు అభియోగము నుండి రక్షణ కల్పించుచున్నది.

రేడియో ఉన్న గది ఇంటిల్లిపాదియు కూడు గది. ఈ మాటలు ఆ గదిలోనే ఒక మూల కూర్చున్నవారి చెవినిగూడ పడవచ్చును. వారితో ఒక్క మాట. రేపటినుండి ఒక్కసారిగా మానెదనని నేడు ఒట్టు పెట్టుకొనవలదు, రేపు ఓ.పి.కి పోయెదనని మాత్రము అనుకొనుడు. చివరిసారి ఎన్ని గంటలకు తాగితిరో ఉన్నదున్నట్లు చెప్పుడు. తక్కినది వైద్యుడు చూచుకొనును. ఇక ఆ గృహిణితోను ఒక్క మాట: అమ్మా, ఈసారి వచ్చునప్పుడు ఆయనను వెంటబెట్టుకొని రండు. ఇది గుమ్మము దగ్గర నిలిచి అడుగు ప్రశ్న కాదు. ఇరువురును కుర్చీలలో కూర్చుండి, గొంతు తగ్గింపక అడుగవలసిన ప్రశ్న.